మావయ్యగారితో రెండు రోజుల విదేశం

శుక్రవారం సాయంత్రం సూట్‌కేసు జిప్పు పడక, నర్సు దాని మీద ఎక్కి కూర్చుని ఉండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వార్డులో ఇద్దరు నర్సులకి కామెర్లు. మూడో ఆవిడ చెల్లెలి పెళ్ళికి వెళ్ళింది. శని, ఆదివారాలు డ్యూటీకి రాక తప్పదు.

"నీ సెలవు చీటీ మీద సంతకం పెట్టింది నేనే, కాదనను. కానీ ముప్పై ఇద్దరు పేషెంట్లని ఎవరి మీద వదలను, చెప్పు?" అంది హెడ్ నర్సు.

ఫోను పెట్టేశాక కూడా ఆమె సూట్‌కేసు మీంచి లేవలేదు. భర్త పక్కన కూర్చుని, "పోనీలే, అందరం మానేద్దాం" అన్నాడు.

"ఎందుకు మానడం? నాన్న ఆ పాస్‌పోర్టు తీసి ఎన్నిసార్లు చూసుకున్నాడో నీకు తెలీదు. మీరిద్దరూ వెళ్ళిరండి."

"మేమిద్దరమా?" అన్నాడతను, పులిబోనులోకి వెళ్ళమన్నట్టు.

మామకీ అల్లుడికీ గొడవలేం లేవు. గొడవ పడేంత చనువు కూడా లేదు. మావయ్యగారు నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ లిఫ్టు మాస్టారంటారు. కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా భార్య పోయింది. అప్పట్నుంచి ఆ పిల్లకి జడలు వేసిందీ, క్యారియరు కట్టిందీ, నర్సింగు చదివించిందీ ఆయనే. పెళ్ళి చేశాక, తమతోనే ఉండమని కూతురు ఎంత చెప్పినా వినకుండా రెండు వీధుల అవతల ఒక గది పోర్షన్లో ఉంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. సోఫా అంచు మీద, ఎవరైనా లేవమంటే వెంటనే లేవడానికి వీలుగా కూర్చుంటాడు. "అల్లుడుగారు కులాసాయే కదా?" అని గోడకేసి అడుగుతాడు. పెళ్ళయి నాలుగేళ్ళయినా అల్లుడు ఆయనకి 'మీరే'.

అల్లుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పనికిరాని పని. రోజంతా మిషను హోరులో తల వంచుకుని ఉండేవాడికి ఇంటికొచ్చాక కూడా మాటలు పెద్దగా రావు. "కులాసాయే మావయ్యగారూ" అంటాడు. అక్కడితో ఆ ఆదివారానికి సంభాషణ పూర్తి.

రెండు నెలల కిందట ఆ ఇంట్లో ఒక కష్టం జరిగింది. ఐదో నెలలో నర్సుకి కడుపు పోయింది. మాస్టారు వచ్చి పది రోజులు ఉండి, వండి పెట్టి, వెళ్ళాడు. పదో రోజుకి ఆమె డ్యూటీలో చేరింది. అతను షాపుకి వెళ్ళాడు. దాని గురించి ఇంట్లో ఎవరూ మళ్ళీ మాట్లాడలేదు. ముగ్గురం ఎక్కడికైనా వెళ్ళొస్తే ఇంట్లో గాలి మారుతుందని ఆమే ఈ ప్రయాణం పెట్టింది. ఇప్పుడు ఆమే రావడం లేదు.

వాళ్ళు వెళ్ళేముందు భర్త చేతిలో ఓ కాగితం పెట్టింది. శనివారం పదకొండింటికి నది మీద పడవ. నాలుగింటికి టవరు, దాని పక్కన 'నాన్నకి అద్దాల లిఫ్టు చూపించాలి' అని రాసి కింద రెండు గీతలు గీసింది. ఆదివారం పొద్దున పూలతోట. మూడింటికి మళ్ళీ ఎయిర్‌పోర్టు.

"నాన్నకి ఆకలేసినా చెప్పడు. నువ్వే అడగాలి" అంది మొగుడితో.

"అల్లుడుగారికి విసుగొచ్చినా పైకి అనరు. మీరే చూసుకోవాలి" అంది తండ్రితో, ఆయన గొంతునే అనుకరిస్తూ. మాస్టారు నవ్వబోయి, అల్లుడు పక్కనే ఉన్నాడని మానేశాడు.

తెల్లవారి ఆరింటి విమానం పదింటికి గాని లేవలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ నాలుగు గంటలూ ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో, మధ్య ఓ కుర్చీ వదిలి, దాని మీద బ్యాగు పెట్టి కూర్చున్నారు. "కాఫీ తాగుతారా మావయ్యగారూ?" "మీరు తాగితే..." "నాకేం వద్దండీ, మీకోసమే." "అబ్బే, నాకెందుకు." అలా ఇద్దరూ తాగకుండానే విమానం ఎక్కారు.

దిగాక పాస్‌పోర్టులు చూసే ఆఫీసరు ఇద్దర్నీ కలిపి పిలిచాడు. వేలితో అతన్నీ ఆయన్నీ చూపించి, "ఫాదర్?" అని అడిగాడు. అల్లుడికి వచ్చిన ఇంగ్లీషు తక్కువ, వెనక లైను ఎక్కువ. పిల్లనిచ్చిన మామ అని విడమరిచి చెప్పే ఓపిక లేక, "ఎస్, ఫాదర్" అనేశాడు. ఆఫీసరు రెండు ముద్రలూ ఠపఠపా కొట్టి పంపించాడు. మాస్టారు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుంటూ ఒక్కసారి అల్లుడివైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

పడవ టైము ఎప్పుడో దాటిపోయింది. హోటల్‌కి చేరేసరికి వాన మొదలైంది. నాలుగంతస్తుల పాత హోటలది. కింద హాల్లో బల్ల వెనక యజమాని కూర్చుని ఉన్నాడు, చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర ఇబ్బంది పడుతున్న భారీ మనిషి. ఆయనకి ఓ ముప్పై ఇంగ్లీషు మాటలొచ్చు, అల్లుడికి ఓ యాభై. రెండూ కలిపితే తేలిందేమంటే, బుక్ చేసిన గదిలో కప్పు కారుతోంది, మూడో అంతస్తులో ఇంకో గది ఇస్తాను, ఈ వానకి వేరే ఎక్కడా దొరకదు.

ఆ గదిలో ఒక్కటే మంచం ఉంది. దుప్పటి కూడా ఒక్కటే.

"నేను కింద పడుకుంటానండీ" అన్నాడు అల్లుడు.

"ఎంత మాట! నాకు నేలే అలవాటు. మీరు పైన పడుకోండి."

"మీకు మోకాళ్ళ నొప్పి కదండీ."

"మీకు రేపు మెడ పట్టేస్తే మా అమ్మాయి నన్ను ఊరుకోదు."

పావుగంట ఒకరినొకరు మంచమెక్కించాలని చూసి, అప్పటికి ఆ సంగతి వాయిదా వేసి, గొడుగు అడిగి తీసుకుని టవరుకి బయల్దేరారు. ఉన్న ఒక్క గొడుగు కింద ఇద్దరు మనుషులు వెళ్ళాలంటే దగ్గరగా నడవాలి. వీళ్ళు గొడుగుని మధ్యలో పట్టుకుని చెరో పక్కా తడిశారు.

టవరు గేటుకి గొలుసు వేసి ఉంది. బోర్డు మీద రాసింది చదవడం రాకపోయినా బొమ్మ అర్థమైంది. టోపీ పెట్టుకున్న మనిషి, చేతిలో పానా. కింద సోమవారం తేదీ. మాస్టారు గొలుసు ఇవతల నిలబడి, వానలో తల ఎత్తి, పైకంటా చూశాడు. అద్దాల గొట్టంలో లిఫ్టు ఎక్కడో నలభయ్యో అంతస్తు దగ్గర ఆగి ఉంది, చీమంత.

"సారీ మావయ్యగారూ. ముందే ఫోన్ చేసి కనుక్కోవాల్సింది."

"మీరేం చేస్తారు? మరమ్మతు చేస్తున్నారంటే శ్రద్ధ ఉన్నవాళ్ళే. చెడిందాకా ఆగకుండా చూసుకుంటున్నారు" అన్నాడు మాస్టారు. తర్వాత కొంచెం ఆగి, "అయినా పైకెళ్ళి ఏం చూస్తాం, ఈ వానలో? మబ్బే కదా" అన్నాడు.

కానీ ఆయన అక్కణ్ణుంచి పది నిమిషాలు కదల్లేదు.

సాయంత్రం బ్రెడ్డూ అరటిపళ్ళూ కొనుక్కుని గదికి వచ్చారు. మంచం తగువు మళ్ళీ మొదలై, చివరికి ఇద్దరూ మంచం మీదే పడుకునేటట్టూ, దుప్పటి అడ్డంగా కప్పుకునేటట్టూ ఒప్పందం కుదిరింది. పొద్దున్న అల్లుడు లేచి చూస్తే అతను ఈ అంచున, మాస్టారు ఆ అంచున, మధ్యలో ఇంకో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. దుప్పటి మాత్రం ఆ ఖాళీలో హాయిగా పడుకుని ఉంది. మాస్టారి కాళ్ళు చలికి ముడుచుకుని ఉన్నాయి. అల్లుడు చప్పుడు కాకుండా దుప్పటి ఆయన మీదికి జరిపాడు.

ఆదివారం పొద్దున్న వాన తగ్గింది. పూలతోటకి వెళ్దామని స్నానాలు చేసి, తలుపు తాళం వేస్తుండగా వసారా చివర లిఫ్టు వైపు ధన్‌మని చప్పుడైంది. ఆ వెంటే ఓ ఆడమనిషి కేక. తర్వాత రేకు మీద అరచేతుల్తో బాదుతున్న చప్పుడు.

మాస్టారు తల తిప్పిన తీరు చూసి అల్లుడికి ఆశ్చర్యమేసింది. అప్పటిదాకా అతనెరిగిన మావయ్యగారు ఎప్పుడూ ఒదిగి నిలబడే మనిషి. ఇప్పుడు ఆయన వసారా మధ్యలోంచి గబగబా లిఫ్టు దగ్గరికి నడిచి, తలుపుకి చెవి ఆనించి, వేళ్ళతో రేకు మీద తట్టి, "రెండుకీ మూడుకీ మధ్య ఆగింది. మన పాదాలకి ఒక మూరెడు కిందుంది పైకప్పు. బ్రేకు పట్టుకుంది, భయం లేదు" అన్నాడు.

యజమాని రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఇనప కడ్డీ. లోపల ఉన్నది చక్రాల బండీతో వచ్చి గదుల్లో దుప్పట్లు మార్చే ఆవిడ అని సైగల్తో చెప్పి, కడ్డీ తలుపు సందులో దూర్చబోయాడు.

"ఆగు!" అన్నాడు మాస్టారు. తెలుగులోనే అన్నాడు, కానీ ఆ గొంతు ఏ భాషవాడికైనా అర్థమయ్యేదే. యజమాని ఆగిపోయాడు. మాస్టారు కడ్డీ అతని చేతిలోంచి తీసుకుని గోడకి ఆనించి, అల్లుడితో, "మధ్యలో ఆగిన లిఫ్టులోంచి మనిషిని లాగకూడదు. లాగుతున్నప్పుడు అది కదిలిందంటే... నేను చూశాను ఒకసారి. చెప్పండి ఈయనకి. కంపెనీవాళ్ళకి ఫోన్ చెయ్యమనండి. వాళ్ళొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

అల్లుడు తన యాభై మాటలూ వాడాడు. యజమాని ఫోన్ చేశాడు. ఆదివారం కదా, మెకానిక్ రావడానికి గంట పైన పడుతుందన్నారట. లోపల ఆవిడ మళ్ళీ బాదడం మొదలుపెట్టింది. ఊపిరందనట్టు ఏడుస్తోంది.

"మీరు కిందికెళ్ళి ఫోనులో ఆ తర్జుమా చేసే దాంతో ఈయన్ని అడగండి, ఆవిడకి ఆయాసం గట్రా జబ్బులున్నాయేమో. వచ్చేటప్పుడు మంచినీళ్ళు పట్రండి. బయటికి రాగానే తాగుతుంది" అన్నాడు మాస్టారు.

హోటల్లో వైఫై కింద హాల్లో తప్ప ఎక్కడా పనిచేయదు. అల్లుడు యజమానితో కిందికి దిగాడు. ఫోను అటూ ఇటూ మార్చుకుంటూ కనుక్కుంటే, ఆవిడకి జబ్బేమీ లేదనీ, చీకటంటే భయమనీ, పన్నెండేళ్ళుగా ఇక్కడే పని చేస్తోందనీ తెలిసింది. అతను నీళ్ళ సీసా తీసుకుని మెట్లెక్కాడు. రెండో అంతస్తు దాటి మలుపు దగ్గరికి వచ్చేసరికి బాదుడు వినపడలేదు. మాస్టారి గొంతు వినపడింది. ఆయన అంతసేపు ఏకధాటిగా మాట్లాడటం అతనెప్పుడూ వినలేదు. అక్కడే ఆగిపోయాడు.

"...నాలుగు తాళ్ళుంటాయి తల్లీ. ఇనప తాళ్ళు. ఒక్కటున్నా నిన్ను మోస్తుంది. ఆ చక్రాల బండీని, నిన్నూ, ఇంకో ఐదుగురినీ కూడా. పడదు. నలభై ఏళ్ళలో ఒక్కటీ పడటం చూళ్ళేదు. ఊఁ? ఏదీ, ఇలా తట్టు." ఠక్, ఠక్, ఠక్ అని మూడుసార్లు. లోపల్నుంచి మూడుసార్లు జవాబు వచ్చింది. "అదీ. బంగారు తల్లివి. నేనిక్కడే ఉన్నాను. నా మాట నీకు తెలీకపోయినా గొంతు వింటూ ఉండు. చీకట్లో గొంతు వినిపిస్తే చాలు."

లోపల ఆవిడ తన భాషలో ఏదో చెప్పింది. ముక్కు చీదుకుంటూ, పెద్దగానే చెప్పింది.

"ఆఁ, అవునవును" అన్నాడు మాస్టారు. "నాకూ ఓ కూతురుంది. నర్సు. పండు అంటాను నేను. తను రావాల్సింది, రాలేకపోయింది. మా అల్లుడుగారూ నేనూ వచ్చాం. చాలా మంచివాడమ్మా. నేను మొదట్లో ఒప్పుకోలేదు, ఏం మాట్లాడడు, ఇదేం మనిషి అన్నాను. నాకేం తెలుసు? నేను మాట్లాడతానా ఏమిటి?" చిన్నగా నవ్వాడు. "నిన్న ఎయిర్‌పోర్టులో ఆ ఆఫీసరు అడిగితే నన్ను నాన్న అన్నాడు. వెనక జనం ఉన్నారని అన్నాడులే, నాకు తెలుసు. అయినా విన్నాను కదా."

అల్లుడు మెట్టు మీద నీళ్ళ సీసా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోవాలో పైకి రావాలో తెలియలేదు.

"రెండు నెలల కింద మా ఇంట్లో ఓ పసిబిడ్డ పోయింది. లోకంలోకి రాకుండానే పోయింది" అంటున్నాడు మాస్టారు. "పండు నా దగ్గర ఏడ్చింది. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అతను ఎవరి దగ్గర ఏడుస్తాడు? తల్లీతండ్రీ ఎప్పుడో పోయారు. బాత్రూములో కొళాయి తిప్పుకుని ఏడ్చేవాడు. బకెట్టు నిండి పొర్లిపోతున్నా కట్టేవాడు కాదు. ఆ ఇంట్లో పది రోజులున్నాను, పది రోజులూ విన్నాను. నాకు తెలీదా? మా ఆవిడ పోయినప్పుడు నేను బిల్డింగుల పైన మిషను గదిలోకెళ్ళి ఏడ్చేవాణ్ణి. మోటారు హోరుకి ఎవరికీ వినపడదు. అందుకని కొళాయి చప్పుడు వినగానే తెలిసిపోయింది." రేకు మీద ఓసారి మెల్లగా తట్టాడు. "తలుపు కొట్టాలనుకున్నాను తల్లీ. రోజూ అనుకున్నాను. పిల్లనిచ్చినవాణ్ణి, నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే ఆయనకి చిన్నతనంగా ఉంటుందేమోనని... టవలు పట్టుకుని తలుపు బయట నిలబడి, వెనక్కి వెళ్ళిపోయేవాణ్ణి."

అల్లుడి కాళ్ళు మెట్లు వాటంతటవే ఎక్కాయి. మాస్టారు లిఫ్టు తలుపు ముందు నేల మీద, మోకాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అల్లుణ్ణి చూసి ఆయన మొహం తప్పు చేస్తూ దొరికిన చిన్నపిల్లాడి మొహంలా అయింది.

"ఎప్పుడొచ్చారు?" అన్నాడు.

"ఇప్పుడేనండీ."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఈసారి మధ్యలో కుర్చీ లేదు, బ్యాగు లేదు. లోపల ఆవిడ మూడుసార్లు తట్టింది. ఎవరూ పలక్కపోయేసరికి ఇంకా గట్టిగా తట్టింది.

"మాట్లాడండి మావయ్యా. ఆవిడకి చీకటంటే భయమట."

మాస్టారు చేత్తో మొహం తుడుచుకుని, తల అడ్డంగా ఊపాడు.

అల్లుడు తలుపుకేసి చూశాడు. బూడిదరంగు రేకు. వేళ్ళ మరకలు. దాని వెనక తన మాట ఒక్క ముక్క కూడా తెలియని మనిషి. అతను మూడుసార్లు తట్టాడు.

"నేనండీ, అల్లుణ్ణి" అన్నాడు. చెప్పాక తనకే నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. "ఆ రోజు పొద్దున్నే తనకి నడుం నొప్పిగా ఉందంది. మామూలేలే, డ్యూటీకి వెళ్ళు, సాయంత్రం వచ్చి పడుకుందువుగాని అన్నాను. ఆ మాట అన్నది నేనే. మధ్యాహ్నం నాలుగుసార్లు ఫోన్ చేసింది. మిషను దగ్గరుంటే ఫోను వినపడదని డ్రాయర్లో పెట్టేస్తాను. పక్కనే డ్రాయరు. చెయ్యి చాపితే అందుతుంది. ఎవరిదో ఒక ముసలాయన కళ్ళజోడు, అర్జెంటన్నారు, అది అరగదీస్తూ కూర్చున్నాను. రెండు గంటల తర్వాత డ్రాయరు తీశాను. అప్పటికే..." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "తనేమీ అనలేదు. ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. తను మాట్లాడబోతే నేను లేచి వెళ్ళిపోతున్నాను. ఎక్కడ ఆ నాలుగు ఫోన్ల మాట వస్తుందోనని."

లోపల్నుంచి ఆవిడ ఏదో అంది. నెమ్మదిగా, సముదాయిస్తున్నట్టు. ఏడుపు గొంతు ఏ భాషలోనైనా తెలుస్తుంది కాబోలు. లోపల చిక్కుకున్న మనిషే బయటవాళ్ళని ఓదార్చడం మొదలుపెట్టింది.

అప్పుడు మాస్టారు చెయ్యి అల్లుడి వీపు మీద పడింది. మొదట కాస్త మొహమాటంగా, ఆ తర్వాత గట్టిగా.

"ఒరేయ్ నాన్నా" అన్నాడాయన. "నువ్వు ఫోనెత్తినా అంతే. డ్యూటీకి పంపకపోయినా అంతే. ఆ పెద్ద డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మూడు రోజుల ముందే ఆగిపోయిందట బిడ్డ గుండె. నీకూ చెప్పింది కదా, నేను పక్కనే ఉన్నాను."

"చెప్పింది. నాకేమీ ఎక్కలేదు మావయ్యా ఆ రోజు."

"మరి మళ్ళీ అడగొద్దూ?"

"ఎవర్ని అడగను?"

మాస్టారు అల్లుడి వీపు నిమిరాడు. "నన్ను అడిగితే చెప్పేవాణ్ణి. నేనే వచ్చి చెప్పాల్సింది. ఇద్దరం అలా బుర్ర వంచుకు తిరిగాం, సిగ్గుపడే పెళ్ళికొడుకుల్లాగా" అన్నాడు. అల్లుడు ఏడుస్తూనే నవ్వాడు.

మెకానిక్ వచ్చేసరికి ఇంకో ముప్పావుగంట పట్టింది. అప్పటిదాకా వాళ్ళిద్దరూ వంతులవారీగా మాట్లాడారు. మాస్టారు పండు చిన్నప్పుడు జడ వేయడం రాక రిబ్బను తీగలా మెలిపెట్టి కట్టిన కథ చెప్పాడు. అల్లుడు, తనని చూడ్డానికి మొదటిసారి మావయ్యగారు షాపుకి కళ్ళజోడు వంకతో వచ్చిన సంగతి చెప్పాడు. "నాకప్పుడే తెలిసిపోయింది. మీ చూపుకి అద్దాలే అక్కర్లేదు" అన్నాడు. లోపల ఆవిడ కూడా మధ్యమధ్యన ఏదో పెద్ద కథే చెప్పింది. అందులో ఒకచోట ఆవిడే నవ్వింది. వీళ్ళకేం అర్థం కాకపోయినా వీళ్ళూ నవ్వారు.

మెకానిక్ ముందు పైకెళ్ళి మోటారు దగ్గర కరెంటు ఆపి, చేత్తో చక్రం తిప్పి, లిఫ్టుని అంగుళం అంగుళంగా మూడో అంతస్తుకి తెచ్చాడు. మాస్టారు తలుపు దగ్గరే నిలబడి, తాళ్ళ చప్పుడు వింటూ, "బాగుంది, తొందరపడట్లేదు" అని మెచ్చుకున్నాడు. తలుపు తెరుచుకుంది. యాభై ఏళ్ళ మనిషి, చెదిరిన జుట్టు, ఉబ్బిన కళ్ళు. పక్కన తెల్ల దుప్పట్ల బండీ. ఆవిడ బయటికి అడుగుపెట్టి, ఆ గొంతులు ఎవరివా అన్నట్టు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అల్లుడిచ్చిన నీళ్ళ సీసా ఎత్తి సగం తాగింది. తర్వాత కొంగులాంటి తన పని బట్ట అంచుతో అల్లుడి మొహం తుడిచింది, అతను అడ్డుచెప్పే లోపే. మాస్టారికి రెండు చేతులూ జోడించబోయింది, ఆయన కంగారుగా ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. అంతే. ఆవిడ జుట్టు ముడివేసుకుని, బండీ తోసుకుంటూ పనిలోకి వెళ్ళిపోయింది.

పూలతోటకి టైము లేదు. యజమాని వాళ్ళని బలవంతంగా కూర్చోబెట్టి తన వంటింట్లోంచి వేడి అన్నం తెప్పించి పెట్టాడు. "మావయ్యా, ఆకలిగా ఉందా?" అని అడిగితే, "చచ్చేంత ఆకలి. నిన్నట్నుంచి" అన్నాడు మాస్టారు.

విమానం ఈసారి సరైన టైముకే లేచింది. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని మబ్బులు చూస్తూ, "పండుకి నువ్వే చెప్పాలి. నేను చెప్తే బాగోదు" అన్నాడు.

"చెప్తాను. మీరు కూడా ఉండండి."

"నేనెందుకు మధ్యలో?"

"నేను లేచి వెళ్ళిపోకుండా."

రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరారు. నర్సు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి అన్నం వండింది. ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది? దెబ్బలాడుకున్నారా?" అని కంగారుపడింది.

"పడవ లేదు, టవరు లేదు, తోట లేదు" అన్నాడు మాస్టారు. "చాలా బాగా జరిగిందమ్మా."

ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. ఆమె వడ్డిస్తుంటే అతను గరిటె పట్టుకున్న ఆమె చేతిని ఆపాడు. "ఆ రోజు నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు" అన్నాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. మాస్టారు మంచినీళ్ళ వంకతో లేవబోతే అల్లుడు ఆయన మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. అతను చెప్పాడు. పొద్దున్న చెప్పినంత సాఫీగా రాలేదు, రేకు తలుపుకి చెప్పడం వేరు, ఈ మొహానికి చెప్పడం వేరు. తడబడి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాడు.

ఆమె అతని ముందున్న కంచం పక్కకి జరిపింది. తర్వాత, "నేను నాలుగోసారి చేసింది ఎందుకో తెలుసా?" అంది. "మొదటి మూడూ రమ్మని. నాలుగోది కంగారుగా రావద్దని. అప్పటికే చెప్పేశారు నాకు. నువ్వు బండి మీద పరిగెత్తుకొస్తావు, దారిలో ఏమైనా అవుతుందేమోనని భయమేసింది. నెమ్మదిగా రా, తొందరేం లేదు అని చెప్దామని. నువ్వు ఎత్తలేదని తెలిశాక, హమ్మయ్య, ఇంకో గంట నీకు తెలీకుండా ఉంటుంది అనుకున్నాను."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కొళాయి లేదు, మోటారు లేదు. ఇంట్లో ఉన్న ముగ్గురికీ వినపడేలా ఏడ్చాడు. ఆమె లేచి వచ్చి అతని తల తన పొట్టకి ఆనించుకుంది. మాస్టారు చల్లారిపోతున్న అన్నం గిన్నె మీద మూత పెట్టాడు.

"ఆడపిల్లట. నీకు చెప్పలేదు నేను" అందామె కాసేపటికి.

"నాకు తెలుసు. ఆసుపత్రి కాగితంలో చూశాను. నేనూ నీకు చెప్పలేదు."

ఆ పిల్ల గురించి ఆ ఇంట్లో మొదటిసారి అప్పుడు మాట్లాడుకున్నారు. ఎవరి పోలిక వచ్చేదో, ఎవరిలా మాట్లాడకుండా కూర్చునేదో. "మన ఇద్దరి పోలికా వస్తే ఇంకేం, మూగనోము పట్టేది" అన్నాడు మాస్టారు అల్లుడితో. నర్సు తండ్రి నోట 'మన ఇద్దరి' అన్న మాట విని, ఒకరి తర్వాత ఒకర్ని చూసింది.

చాలాసేపటికి గాని ఎవరికీ అన్నం గుర్తురాలేదు. అల్లుడు లేచి అన్నం, కూరా వెచ్చబెట్టుకొచ్చి, ముందు మావయ్యకి, తర్వాత ఆమెకి వడ్డించాడు. ఆమె తిని, కంచం ఖాళీ చేసింది.

"ఇంకొంచెం పెట్టనా?" అన్నాడతను.

"పెట్టు" అంది, కంచం ముందుకు జరిపి.